ఫర్బిడ్ తర్వాత ‘ఫ్రమ్’ రాస్తే తప్పు కిందే లెక్కా?

ఇంగ్లిష్ వ్యాకరణం లోతుగా తెలిసినవాళ్లు కాస్త తేల్చి చెప్పండి. పోటీ పరీక్షలకు తప్పొప్పుల వాక్యాలు తయారుచేస్తుంటే ఫర్బిడ్ దగ్గర పేచీ వచ్చింది.

ప్రొహిబిట్‌తో గొడవ లేదు. ముందు మనిషి, తర్వాత ఫ్రమ్, ఆపైన ‘ఇంగ్’ చేరిన క్రియ: ‘ద రూల్స్ ప్రొహిబిట్ స్టూడెంట్స్ ఫ్రమ్ యూజింగ్ ఫోన్స్’. ఇక్కడ ‘టు యూజ్’ అని రాస్తే మార్కు పోయినట్టే. ఫర్బిడ్‌కు పాత పద్ధతి వేరు: ‘హీ ఫర్బేడ్ దెమ్ టు గో’. మనవాళ్లు ఎక్కువగా జారేది ‘నాట్ టు గో’ అని రాసేటప్పుడు. ‘వెళ్లకూడదని నిషేధించాడు’ అనే తెలుగు అలవాటు దానికి కారణం. వద్దనడం ఆ క్రియలోనే ఉంది కాబట్టి నాట్ అక్కర్లేదు. ‘ఫర్బిడెడ్’ అనే రూపమైతే అసలు లేదు. ఫర్బేడ్, ఫర్బిడెన్ మాత్రమే నేర్పుతున్నాం.

చిక్కల్లా ‘ఫర్బేడ్ దెమ్ ఫ్రమ్ గోయింగ్’తోనే. ఇప్పటి నిఘంటువులు దీన్ని ఒప్పుకుంటున్నాయి, పాత గైడ్లు కొట్టేస్తున్నాయి. జవాబుల పట్టికలో తప్పని వేయాలా, లేక ఆ ప్రశ్నే తీసేయాలా? తీసేయడమే మేలనిపిస్తోంది.

ఇంకొకటి, న్యాయశాస్త్రం చదివినవాళ్లకు. రాజ్యాంగం ఇంగ్లిష్ పాఠంలో అంటరానితనం గురించిన 17వ అధికరణలో ‘ఫర్బిడెన్’ ఉంది, వెట్టిచాకిరీ గురించిన 23లో ‘ప్రొహిబిటెడ్’ ఉంది. రెండుచోట్లా ఉల్లంఘన శిక్షార్హమైన నేరమే. మరి ఈ మాటల తేడాకు చట్టపరంగా ఏమైనా అర్థం ఉందా, కేవలం రాతశైలేనా?