సమస్యాపూరణం: "కనులు గట్టుకొన్న గానబడును"

యతిభంగం: ఈసారి సమస్య ఆటవెలదిలో ఇస్తున్నాను. ఇది నాలుగో పాదం: "కనులు గట్టుకొన్న గానబడును". విషయం ఫ్రీమేసన్ల దీక్ష, వాళ్ళ గుర్తులు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రాతి మేస్త్రీల పనిముట్లనే గుర్తులుగా పెట్టుకున్న సోదర సంఘం వాళ్ళది, వాళ్ళు కూడే శాఖను లాడ్జి అంటారు. లాడ్జిలో కొత్తగా చేరేవాడి కళ్ళకు గంతలు కడతారు, మెడకు తాడు వేస్తారు, ఒంటిమీద కాసులూ లోహమూ ఏమీ లేకుండా చూసి లోపలికి తీసుకెళ్తారు. నీకు ఇప్పుడు ఏం కావాలి అని అడిగితే "వెలుగు" అనాలి. అప్పుడు గంతలు విప్పుతారు. ముందుగా కంటబడేది పీఠం మీద తెరిచి ఉన్న మతగ్రంథం, దాని మీద మూలమట్టం, వృత్తలేఖిని. ఆ గ్రంథం అతని మతానిదే, దాని మీదే ప్రమాణం చేస్తాడు. గుర్తులన్నీ ఒక పద్యంలో కుక్కకండి, ఒక్కటి తీసుకుని దాని లోతు చూడండి. గూఢచర్యం, ప్రపంచాన్ని ఏలే కుట్ర లాంటివి దయచేసి ఇక్కడ వద్దు.

తొలకరి: బోణీ నాదే.

కాసు లోహమెల్ల గడప కడన వీడి
తలుపు మూడుమార్లు తట్టి నిలిచి
వెలికి మూసికొన్న వెలుగు లోపలి దౌను
కనులు గట్టుకొన్న గానబడును

యతిభంగం: నడక హాయిగా ఉంది, రెండో పాదంలో తట్టిన చప్పుడు వినిపిస్తోంది కూడా. కానీ "వీడి", "నిలిచి" అన్న తర్వాత కర్త ఎవరో చెప్పకుండా మూడో పాదంలో సూక్తిలోకి దూకేశారు. అసలు ఇబ్బంది అది కూడా కాదు. కళ్ళు మూసుకుంటే లోపలి వెలుగు కనిపిస్తుందని ఏ ధ్యానం గురించైనా చెప్పొచ్చు, ఈ దీక్షలో జరిగేది అది కాదు. ఇక్కడ వెలుగు అడిగితే ఇచ్చేది, అదీ నలుగురి మధ్య. కళ్ళు కట్టుకున్నంతసేపూ అతనికి ఏమీ కనిపించదు, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే వాళ్ళను నమ్మి అడుగు వేస్తాడు. తనంతట తాను చూడలేనని ఒప్పుకోవడమే అక్కడి మొదటి మెట్టు. మీ పద్యంలో ఆ చెయ్యి లేదు.

నాస్తికానందం: నాదొకటి చిత్తగించండి, తిట్టినా సరే.

గుట్టు గుట్టటంచు గుసగుసలే గాని
ఇటుకయైన నెత్తి యెరుగ రెవరు
మూలమట్ట మేల మూసిన గదిలోన?
కనులు గట్టుకొన్న గానబడును

పాదచారి: హహ, నాలుగో పాదాన్ని ఎత్తిపొడుపుగా తిప్పడం బాగుంది, పూరణగా పాసే. కాకపోతే మీరు వెక్కిరించిన సంగతి వాళ్ళే మొదట్నుంచీ ఒప్పుకున్నది. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి తమ అన్నిటికీ పెద్దగా గ్రాండ్ లాడ్జి పెట్టుకునేనాటికే రాయి ముట్టనివాళ్ళు లోపల బోలెడుమంది. ఎలియాస్ ఆష్మోల్ అనే పండితుడు 1646లోనే దీక్ష తీసుకున్నట్టు డైరీలో రాసుకున్నాడు, ఆయనేమన్నా తాపీ పట్టాడా? పనిముట్టు చేతిలోంచి పోయింది, దాని అర్థం మిగిలింది. కొత్తవాడికి ఇచ్చే 24 అంగుళాల కొలబద్దనే చూడండి, అది రోజులోని 24 గంటలు. కొన్ని దేవుడికీ కష్టంలో ఉన్నవాళ్ళకీ, కొన్ని వృత్తికి, కొన్ని విశ్రాంతికి. దాంతో గోడ కొలవరు, రోజు కొలుస్తారు.

నాస్తికానందం: రోజును కొలుచుకోవడానికి మూసిన తలుపు దేనికండీ, గోడ గడియారం చాలదా?

ఉలిదెబ్బ: నేను గంతల జోలికి పోలేదు, రాయి తీసుకున్నాను. లాడ్జిలో రెండు రాళ్ళు పెడతారు కదా, ఒకటి గని నుంచి తెచ్చింది తెచ్చినట్టు, ఇంకోటి నున్నగా చదరంగా తీర్చినది.

మొరటు రాయి నేనె, మూలలు తీర్చంగ
ఉలియు నేనె, నొప్పి యోర్చు నేనె,
చెక్కువాడు మాత్రమెక్కడ నున్నాడొ
కనులు గట్టుకొన్న గానబడును

యతిభంగం: అబ్బ! మూడో పాదంలో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు, "చెక్కు-మెక్క", కలపడం) ఎక్కడా అతికించినట్టు లేదు, మాట్లాడుతున్నట్టే పడింది. మొదటి పాదం చివర "తీర్చంగ" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్న మాట, రెండో పాదం అచ్చుతో మొదలుపెట్టారు కాబట్టి సంధి చేయకుండా వదిలేశారు, విసంధి అని ఎవరో ఒకరు అనకముందే "నులియు నేనె" చేసేయండి, ఉ-ఓ స్వరయతి ఎలాగూ నిలబడుతుంది.

పాదచారి: ఛందస్సు సరే, భావంలో నాకో సందేహం. మేసన్లు దేవుణ్ణి "విశ్వానికి మహాశిల్పి" అంటారు, ఆ మహాశిల్పి గీసేది పథకం. ఉలి పట్టి ఎవరినీ చెక్కడు. చెక్కుకోవాల్సింది ఎవరికి వారే. మీ పద్యంలో రాయీ ఉలీ రెండూ "నేనె" అయ్యాక చెక్కేవాడు ఇంకొకడు ఎందుకొచ్చాడు?

ఉలిదెబ్బ: ఎందుకంటే రాయి తన వంకర తాను చూసుకోలేదు గనక. పథకం నాది కాదు, పని నాది. ఆ పథకం గీసినవాణ్ణే వెతుకుతున్నాను, "చెక్కువాడు" అన్న మాట కొంచెం చనువుగా పడిందేమో గానీ ఉంచేస్తాను.

నాస్తికానందం: మరి ఫ్రాన్స్ సంగతి? అక్కడి లాడ్జీల పెద్ద సంఘం గ్రాండ్ ఓరియంట్ 1877లో దేవుణ్ణి నమ్మాలన్న నియమమే తీసేసింది. అక్కడ కళ్ళు కట్టుకున్నవాడికి ఎవరు కానబడతారు?

యతిభంగం: మంచి ప్రశ్న, వెటకారంగా అడిగినా. దాని మీదే ఇంగ్లండ్ వాళ్ళు ఫ్రాన్స్ వాళ్ళతో తెగతెంపులు చేసుకున్నారు, ఇప్పటికీ కలవలేదు. నా మటుకు నాకు ఉలిదెబ్బ గారి పద్యం రెండు చోట్లా చెల్లుతుంది. "ఎక్కడ నున్నాడొ" అన్నారే గానీ ఎవరో చెప్పలేదు, ఆ ఖాళీని చదివేవాడు పూరించుకుంటాడు.

కొత్తకలం: ఎవరూ వృత్తలేఖిని ముట్టుకోలేదేంటి? "మూలమట్ట మొడలు, వృత్తలేఖిని యాత్మ" అని మొదలుపెట్టాను, యతి దగ్గర టెన్షన్ వస్తోంది. మూ-వృ కుదురుతుందా?

పాదచారి: కుదరదు తమ్ముడూ, హల్లూ కలవలేదు, అచ్చూ కలవలేదు. పేరు వదిలేసి మొనలు పట్టుకో, పని అవుతుంది.

కొత్తకలం: అయితే ఇదిగోండి.

మూలమట్ట మొడలు, మొనలు రెండును బుద్ధి,
మెట్టు మెట్టుకొకటి మీదికెక్కు
కప్పి యున్న మొనలె కడకు వెల్వడినట్లు
కనులు గట్టుకొన్న గానబడును

యతిభంగం: భేష్. చదివేవాళ్ళకు ఒక్క వివరం ఇవ్వాలి. మొదటి దీక్షలో వృత్తలేఖిని రెండు మొనలూ మూలమట్టం కింద దాగి ఉంటాయి, రెండో దీక్షలో ఒకటి పైకి వస్తుంది, మూడోదాంట్లో రెండూ. దేహం మీద మనసు ఎంతవరకు గెలిచిందో ఒక్క మాట లేకుండా చెప్పే అమరిక అది, అందులో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. పద్యంలో "నట్లు" కొంచెం వదులు, ఉపమానం చెప్పి ఆగిపోయింది, కానబడేదేమిటో చెప్పలేదు.

చిగురు: నేను మూడో దీక్ష కథ తీసుకున్నాను. సొలొమోను గుడి కట్టిన హీరాం, మేస్త్రీల రహస్యం చెప్పనన్నందుకు ముగ్గురు పనివాళ్ళు చంపేస్తారు. పాతిపెట్టిన చోటు తుమ్మజాతి చెట్టు కొమ్మ వల్ల తెలుస్తుంది.

మాట తప్పననుచు మరణించె మేస్త్రియు
మట్టి మీద చిగురు మాట జెప్పె
చావు చీకటింట జాడయౌ నా కొమ్మ
కనులు గట్టుకొన్న గానబడును

తొలకరి: రెండో పాదం చదివి కాసేపు కిందికి పోలేదు. నోరు విప్పనివాడు పోయాడు, చిగురు మాట్లాడింది.

పాదచారి: నాకూ అదే నచ్చింది, కానీ చనిపోయినవాడి కళ్ళు మూతపడతాయి, ఎవరూ గంతలు కట్టరు. సమస్యాపాదం ఇక్కడ అతుకు. మూడు పాదాల వరకైతే ఇవాళ్టి పద్యాల్లో ఇదే గొప్పది.

తొలకరి: యతిభంగం గారు చెయ్యి లేదన్నారు కదా, ఈసారి చెయ్యే పెట్టాను. గంతలు విప్పాక కొత్తవాణ్ణి గదిలో ఈశాన్య మూల నిలబెట్టి పేదల కోసం ఏదైనా ఇమ్మంటారు. బయటే అన్నీ తీసేశారు కనక ఇవ్వడానికి చిల్లిగవ్వ ఉండదు.

అడుగ నీయలేక యరచేయి ముడిచిన
నాటి సిగ్గె గురువు నాకు నేడు
కలిమి కన్ను మూయ గానరానట్టిది
కనులు గట్టుకొన్న గానబడును

యతిభంగం: ఇదీ పూరణంటే! సమస్యలోని విరోధం మూడో పాదంతోనే విడిపోయింది. లేమి ఎలా ఉంటుందో ఉపన్యాసంగా చెప్పకుండా అతని అరచేతిలోనే పెట్టారు, దీక్ష చేసేదీ అదే.

నాస్తికానందం: ఒప్పుకోక తప్పట్లేదు, ఇదైతే మూసిన తలుపు వెనకే జరగాలి, బయటైతే జేబులో చెయ్యి పెట్టేస్తాం. కానీ ఆ వేళకి గంతలు విప్పేసి ఉంటారన్నారుగా?

తొలకరి: గంతలూ కాసులూ ఒకేసారి, ఒకే ఏర్పాటులో భాగం. "కనులు గట్టుకొన్న" అంటే ఆ మొత్తానికి ఒప్పుకున్న అని నా ఉద్దేశం.

పాదచారి: అది చెల్లుతుంది. ఇంకో చిన్న మెలిక ఉంది, "కలిమి కన్ను మూయ" అంటే కలిమి చచ్చిపోయాక అని కూడా వస్తుంది, అప్పుడు అర్థం తలకిందులు. "కలిమి కన్ను గప్ప" అనండి, గణం మారదు.

తొలకరి: మార్చేశాను.

కలిమి కన్ను గప్ప గానరానట్టిది
కనులు గట్టుకొన్న గానబడును