జట్టు సమావేశాలకు వీఆర్ హెడ్‌సెట్ తప్పనిసరి చేయవచ్చా? (మారుపేర్లతో ముగ్గురి చర్చ)

సాయంత్రపు షిఫ్టు: హైదరాబాదులో పన్నెండుమందిమి, అమెరికాలో నలుగురు ఉన్న మా జట్టుకు వారానికి రెండు సమావేశాలు వర్చువల్ రియాలిటీ (వీఆర్)లోనే, అంటే కళ్లకు హెడ్‌సెట్ తొడుక్కొని చూసే కృత్రిమ త్రిమితీయ గదిలోనే, జరగాలని సంస్థ నిర్ణయించింది. మూడు నెలల తరువాత నాకు ఇది మేలుగానే తోస్తున్నది. మాట ఏ పక్కనుంచి వస్తున్నదో చెవికి తెలుస్తున్నందువల్ల, ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ "మీరు చెప్పండి" అంటూ ఆగిపోయే వీడియో కాల్ అవస్థ బాగా తగ్గింది.

కొలబద్ద: శబ్దదిశ వల్ల లాభం ఉన్న మాట నిజమే. అయితే కోబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తదితరులు 2022లో వెలువరించిన అధ్యయనంలో, 16 మంది ఒక వారం మామూలు కంప్యూటర్‌తోను, ఒక వారం వీఆర్‌లోను పనిచేయగా, వీఆర్ వారంలో కంటి శ్రమ, చిరాకు, పనిభారం పెరిగినట్లు తేలింది. వీరు కాక మరో ఇద్దరు తొలిరోజే మానుకున్నారు. కారణం ఊహించలేనిది కాదు. అర కిలో బరువు ముఖానికి వేలాడుతుంది. దగ్గరి వస్తువును చూడడానికి కనుగుడ్లు లోపలికి తిరిగినా, కటకం చూపును ఒకే దూరంలో నిలిపి ఉంచుతుంది.

సాయంత్రపు షిఫ్టు: అది దినమంతా చేసిన పని గురించి. మా సమావేశం నలభై నిమిషాలే.

మెట్లదారి: నలభై నిమిషాలైనా కళ్లజోడు, కొప్పు ఉన్నవారికి ఆ పట్టీ బిగింపు ఎలా ఉంటుందో నిర్ణయించినవారు ఒకసారి పెట్టుకొని చూడాలి. నేను భవనాల నమూనాలు గీసే కార్యాలయంలో పనిచేస్తున్నాను. కాగితంపై మూడుసార్లు చూసినా ఎవరికీ కనబడని ఒక లోపం, మెట్ల మలుపులో తల తగిలేంత తక్కువ ఎత్తు, వీఆర్‌లో నడిచిన రెండు నిమిషాలలో బయటపడింది. అటువంటి పనికి ఎంత శ్రమైనా పడతాను. కాని ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకోవడానికి బొమ్మ శరీరంతో బల్ల చుట్టూ కూర్చోవడమెందుకు?

కొలబద్ద: హెడ్‌సెట్ లేనివారు వీడియో ద్వారా చేరవచ్చు కదా అంటారు. 2021లో ఫేస్‌బుక్ విడుదల చేసిన వర్క్‌రూమ్స్ అనే వీఆర్ సమావేశాల యాప్‌లోనే 16 మంది హెడ్‌సెట్‌తో లోపల, వీడియోవారితో కలిపి 50 మంది వరకు చేరే ఏర్పాటు ఉండేది. కాని మా కార్యాలయంలో అలా చేరినవారు, పంక్తిలో చోటు దొరకక గుమ్మం దగ్గర నిలబడిన చుట్టాలలాగే మిగిలిపోయారు.

సాయంత్రపు షిఫ్టు: మెట్లదారి గారి మాట కాదనలేను. మేము త్రిమితీయ నమూనాలు చూసేది నెలకొక్కసారే. ఆ ఒక్కటి ఉంచి, తక్కినవాటిని ఐచ్ఛికం చేయమని రేపు మా మేనేజరు గారికి రాస్తాను.