కోనసీమ చుంచులు: ఏ జాతో తేల్చేదెలా?

లంకమెరక: అమలాపురం పక్క కొబ్బరితోటల్లో పిల్లులు చంపి, తినకుండా వదిలేసిన చుంచులు దొరుకుతుంటాయి. చిన్నవి ఇంటి చుంచు పిల్లలా, వేరే జాతా? గోదావరి డెల్టాలో ఉండే చుంచు జాతుల జాబితా రాస్తున్నాను, అందులో ఏం రాయాలి?

పుర్రెలడబ్బా: ముందు ఎలుక కాదని తేల్చుకోండి. చుంచు ముందుకాలికి ఐదు వేళ్లు స్పష్టంగా ఉంటాయి, ఎలుకకు నాలుగే కనిపిస్తాయి. తర్వాత తూకం. మనిళ్లలో కంపుకొట్టే చుంచు, సంకస్ మ్యురినస్, ఎదిగాక మామూలుగా 30 గ్రాములు దాటుతుంది. పిగ్మీ చుంచు, సంకస్ ఎట్రస్కస్, 2 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. మ్యురినస్ పిల్ల అంత తేలిగ్గా ఉండే వయసులో దాని ఒంటిమీద బొచ్చే ఉండదు. కాబట్టి 2 గ్రాములుండి, నిండా బొచ్చుండి, పళ్ల మొనలు అరిగి ఉంటే అది పిగ్మీయే.

10 గ్రాములది దొరికితే తూకం చాలదు, పళ్లు లెక్కపెట్టాలి. పైదవడలో కొక్కెంలాంటి ముందుపన్నుకీ వెనక పెద్దపన్నుకీ మధ్య ఒంటిమొన పళ్లుంటాయి: సంకస్‌కు పక్కకు నాలుగు, క్రోసిడ్యూరా అనే మరో రకం చుంచులకు మూడు. ఆ నాలుగోది మరీ చిన్నది, బయటినుంచి చూస్తే దాక్కుంటుంది. పదింతల లెన్సుతో అంగిలి వైపు నుంచి చూడండి. అది కనబడక క్రోసిడ్యూరా అని రాసేయడం చాలా మామూలు పొరపాటు.

లంకమెరక: కళేబరం ఎలా దాచాలి?

పుర్రెలడబ్బా: గ్లవ్స్ వేసుకోండి, లెప్టోస్పైరా (జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) భయం ఉంది. కొలతలు తీశాకే పొట్ట కోసి 70 శాతం ఆల్కహాల్లో వేయండి. కోయకపోతే లోపల కుళ్లుతుంది. డీఎన్ఏ కోసం చిన్న కండముక్క విడిగా 95 శాతంలో. ఫార్మాలిన్ వద్దు, డీఎన్ఏ పాడవుతుంది.

చేనుగట్టు: బతికినవాటికి పెట్టెబోనులు పెద్ద చుంచుకే పనికొస్తాయి. 2 గ్రాముల బరువుకు మీట పడదు. నేలమట్టానికి బకెట్ పాతాలి. లంకల్లో అడుగునుంచి నీరూరి బకెట్‌ను పైకి నెట్టేస్తుంది, అందుకే మెరక గట్లమీదే పెట్టండి. ఎండుటాకులు, నాలుగు పురుగులు వేసి రెండు గంటలకోసారి చూడాలి. ఆకలికి చుంచు ఇట్టే చచ్చిపోతుంది, ఈ విషయంలో బద్ధకం పనికిరాదు. కోరింగ అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

నన్నడిగితే పాత గుళ్లలో, రైస్‌మిల్లుల్లో గుడ్లగూబలు కక్కిన ఉండలు ఏరడమే మేలు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బొచ్చు తీసేస్తే పుర్రెలొస్తాయి. చెంప ఎముక వంపు లేనిది చుంచుది.

పాతచీటీ: ఆ జాతి ఇక్కడుందని పుస్తకం మ్యాప్‌లో రంగు పూసి ఉండడం జాబితాకు రుజువు కాదు, నమూనా కావాలి. పాత మ్యూజియం నమూనా లేబుల్ మీద ‘గోదావరి జిల్లా’ అని ఉంటే సంవత్సరం చూడండి. 1925లో తూర్పు గోదావరి అని పేరు మారక ముందటిదైతే అందులో రంప ఏజెన్సీ కొండలూ ఉన్నాయి. ఊరి పేరు లేకుంటే డెల్టా లెక్కలో వేయకండి. ఉడతలా కనిపించే మద్రాస్ ట్రీ ష్రూను మాత్రం ఈ జాబితాలో కలపొద్దు, పేరులో ష్రూ (చుంచు) అని ఉన్నా అది చుంచుల వర్గమే కాదు.