మోల్ అంటే బరువా, సంఖ్యా? మా గుంటడి సమ్ దగ్గర ఆగిపోయాం

రాజాం_అమ్మ:
అందరికీ నమస్కారం అండి. మాది రాజాం దగ్గర పల్లె. మా గుంటడు పదో క్లాసు, లెక్కలు బాగానే చేస్తాడు గానీ కెమిస్ట్రీలో ఈ మోల్ వచ్చిన కాడి నుంచి పుస్తకం తీయమంటే ఏడుపు మొహం పెడతన్నాడు. నిన్న రాత్రి ఇద్దరం కూర్చున్నాం, సమ్ ఏటంటే 6 గ్రాముల మెగ్నీషియం పూర్తిగా కాలడానికి ఎన్ని గ్రాముల ఆక్సిజన్ కావాలి అని. సమీకరణంలో (2Mg + O₂ → 2MgO) మెగ్నీషియం ముందు 2 ఉంది, ఆక్సిజన్ ముందు ఏమీ లేదు అంటే 1 అనుకోవాలి కదా, అందుకని 2కి 1 అయితే 6కి 3 అని వాడు రాసేడు, నాకూ అదే కరెక్ట్ అనిపించింది. వెనకాల చూస్తే జవాబు 4. ట్యూషన్లో అడిగితే ఫార్ములా బట్టీ పట్టేయమన్నారంట. నేను చదివింది ఇంటర్ సీఈసీ. 3 ఎందుకు కాదో, అసలు ఈ మోల్ అన్నది బరువో సంఖ్యో ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి, పిల్లాడు భయపడిపోతన్నాడు.

పలాస_మేస్టారు:
అమ్మా, నేను ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైర్ అయ్యాను, ఈ 3 గ్రాముల జవాబు ప్రతి బ్యాచ్‌లోనూ చూసేను. మీవాడికి తెలివి లేక కాదు. ఆ 2, 1 అన్నవి గ్రాములు కావు, తలకాయల లెక్క. 2 మెగ్నీషియం పరమాణువులకి 1 ఆక్సిజన్ అణువు అని దాని అర్థం, బరువు ఊసే లేదక్కడ.

మా ఊరి జీడిపప్పుతో చెప్తాను. షాపుకెళ్తే 240 రకం, 320 రకం అంటారు కదా, అది ధర కాదు, పౌనుకి అంటే సుమారు 454 గ్రాములకి ఎన్ని పలుకులు తూగుతాయో ఆ లెక్క. 240 రకం అయితే 220 నుంచి 240 లోపు, 320 రకం అయితే 300 నుంచి 320 లోపు, పలుకు చిన్నది కాబట్టి ఎక్కువ తూగుతాయి. ఇప్పుడు ఒక్కో పెద్ద పలుక్కి ఒక్కో చిన్న పలుకు జత కట్టాలనుకోండి, రెండూ చెరో కిలో కొంటే కుదరదు, చిన్నవి బోలెడు మిగిలిపోతాయి. 240 పెద్దవాటికి 454 గ్రాములు తూచాలి, 240 చిన్నవాటికి 340 గ్రాములు తూచితే చాలు. కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టక్కర్లేదు, తూచితే లెక్కపెట్టినట్టే. పరమాణువులతో ఐతే మనకి వేరే దారే లేదు.

డజను అంటే 12 ఎలాగో మోల్ అంటే 6.022 × 10²³ అలాగ. సంఖ్యే, బరువు కాదు. అన్ని మెగ్నీషియం పరమాణువులు తూస్తే 24 గ్రాములు, అన్నే ఆక్సిజన్ పరమాణువులు తూస్తే 16. ముందు గ్రాముల్ని మోల్స్ చెయ్యమనండి, సమీకరణంలో అంకెలు అక్కడ వాడమనండి, చివర్న మళ్లీ గ్రాముల్లోకి రమ్మనండి. వాడే చేసి ఇక్కడ పెట్టాలి, మీరు చెప్పేయకండి.

గుల్లసున్నం:
మేస్టారు చెప్పింది చదివేక మా తాత గుర్తొచ్చేడు. సముద్రం ఒడ్డున గుల్లలు ఏరి బట్టీలో కాల్చి సున్నం చేసేవాడు, నేను చిన్నప్పుడు తట్ట పట్టుకునేవాడిని, కాల్చేక గుల్ల సైజు అంతే ఉండేది గానీ తట్ట తేలిగ్గా అయిపోయేది, బరువు ఎక్కడికి పోయిందో అప్పుడు తెలీలేదు. గుల్లలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. దాని మోల్ తూస్తే 100 గ్రాములు, కాలితే సున్నం 56, గాల్లోకి పోయే కార్బన్ డయాక్సైడ్ 44. నూటికి 44 వంతులు గాలైపోతంది అండి. మీవాడికి ఈ సమ్ కూడా ఇవ్వండి, 10 గ్రాములు కాలిస్తే 5.6 సున్నం రావాలి.

విజయనగరం_ఎంపీసీ:
అక్కా నేను ఇంటర్ సెకండియర్. గుల్లసున్నం అన్న సమ్‌లో గ్యాస్ ఎన్ని లీటర్లు అని కూడా అడుగుతారు, ఏ గ్యాస్ అయినా ఒక మోల్ 22.4 లీటర్లు ఆక్రమిస్తుంది, ఇది 0.1 మోల్ కాబట్టి 22.4తో గుణిస్తే 2.24 లీటర్లు. కానీ ఒక జాగ్రత్త, 22.4 అన్నది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గరే, 1 బార్ అని ఇస్తే 22.7 తీసుకోవాలి, మన గదిలో ఉండే వేడికి రెండూ పనికిరావు, 25 డిగ్రీలకే 24.5 దాకా వెళ్తుంది. ఘనాలకీ ద్రవాలకీ అసలు వాడకూడదు, నేను నీళ్లకి వాడేసి మార్కులు పోగొట్టుకున్నాను. ఇంకోటి, పాత నోట్సుల్లో మోల్ అంటే 12 గ్రాముల కార్బన్-12లో ఉన్నన్ని అని ఉంటుంది, 2019 మే 20 నుంచి ఆ గ్రాములు తీసేసి నేరుగా 6.02214076 × 10²³ అని ఫిక్స్ చేసేసేరు. మేస్టారు సంఖ్యే అన్నది అందుకే కరెక్ట్.

రాజాం_అమ్మ:
మీ అందరికీ చాలా థాంక్స్ అండి. జీడిపప్పు లెక్క వాడికి టక్కున ఎక్కింది. వాడు చేసింది ఇదీ: 6ని 24తో భాగిస్తే 0.25 మోల్, ఆక్సిజన్ అందులో సగం 0.125, దాన్ని 16తో గుణిస్తే 2 గ్రాములు. ముందు 3 వచ్చింది, ఇప్పుడు 2, పుస్తకంలో 4. ఎక్కడ పోయింది మేస్టారూ?

పలాస_మేస్టారు:
శభాష్, దారి మొత్తం సరిగ్గా నడిచేడు, ఆఖరి మెట్టు దగ్గరే జారేడు. 16 అన్నది ఒక్క పరమాణువు లెక్క. గాల్లో ఆక్సిజన్ జంటగా తిరుగుతాది, మోల్ అణువులు తూస్తే 32. 0.125ని 32తో గుణించమనండి, 4 వస్తాది. సరిచూసుకోడానికి బూడిద లెక్క కూడా కట్టమనండి, మెగ్నీషియం ఆక్సైడ్ మోల్ తూస్తే 40 గ్రాములు, 0.25 మోల్ అంటే 10. 6కి 4 కలిపితే 10, తూకం కుదిరింది. వాడి 2 గ్రాములతో కలిపితే 8 దగ్గరే ఆగిపోయుండేది.

రాజాం_అమ్మ:
కుదిరింది మేస్టారూ. ఇప్పుడు వాడే అడుగుతన్నాడు, అదే 6 గ్రాములకి ఆక్సిజన్ 5 గ్రాములు ఇస్తే బూడిద 11 వస్తాదా అని.

పలాస_మేస్టారు:
రాదు బాబూ, పెద్ద పలుకులు అయిపోయేక చిన్నవి ఎన్నున్నా జత కట్టలేవు కదా. బూడిద 10 గ్రాములే, 1 గ్రాము ఆక్సిజన్ అలాగే మిగిలిపోతాది.