ఏజెన్సీల మానసిక వైద్యం: ముందు డాక్టరా, దుబాసీనా?

ఉట్నూర్ పంతులు:
మా బడిల ఆరో తరగతి పిల్ల ఒకతి మొన్న రెండు రోజులు రాలే. ఏమైంది బిడ్డా అంటే, అమ్మను పెద్ద దవాఖానకు తీస్కపోయిన అన్నది. గోండుల ఇల్లు. తల్లికి తెలుగు నాలుగు ముక్కలకు మించి రాదు. డాక్టరు అడిగింది పిల్లే గోండిల చెప్పాలె, తల్లి చెప్పింది పిల్లే తెలుగుల చెప్పాలె. “చచ్చిపోవాలని అనిపిస్తుందా, అమ్మను అడుగు” అన్నడట. పిల్ల అడగలే. “లేదంటుంది సార్” అని తనే చెప్పేసింది. పదకొండేండ్ల పిల్ల, కన్నతల్లిని ఆ మాట ఎట్ల అడుగుతది? నిద్రగోళీలు రాసి పంపిండ్రు.

ఆ డాక్టరును నేను తప్పుపడ్తలేను. ఆయన ముందు ఇంకో మనిషి లేడు. ఏజెన్సీకి మానసిక వైద్యులు కావాలని అందరం అంటున్నం. నేననేది, వాళ్లకన్న ముందు గోండి, కొలామీ, కోయ వచ్చిన దుబాసీలను జీతమిచ్చి పెట్టాలె. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ల, వైద్యం రోగికి, ఇంటోళ్లకు సమ్మతమైన తీరుగ ఉండాలని రాసి ఉన్నది. మాటే తెల్వని కాడ సమ్మతం ఎక్కడిది?

ఓరుగల్లు పీజీ:
సార్, నేను మానసిక వైద్యంలోనే పీజీ చేస్తున్నా. పిల్లతో ఆ ప్రశ్న అడిగించడం తప్పే. కానీ మీరన్న “ముందు” అనే మాటకు నాకు భయమేస్తది. ఇవాళ భాష అంటాం, రేపు ఆచారం అంటాం, ఎల్లుండి “పూజారి దగ్గరికి పోనియ్యండి, వాళ్ల పద్ధతి అది” అంటాం. ఈలోపు జబ్బు ముదురుతది. చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారని అడవిలోకి ఉరికే పిల్లగాన్ని ఎనిమిది నెలలు దేవుళ్ల చుట్టూ తిప్పి మా వార్డుకు తెచ్చారు. మణికట్ల మీద తాడు వాతలు ఇంకా మానలేదు. తమిళనాడులో దర్గా ఉన్న ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులకు కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. వాళ్లను అక్కడ వదిలింది కూడా నమ్మకంతోనే. బాణామతి చేశారని ముసలోళ్లను కొట్టి చంపిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. అన్ని ఆచారాలకూ దండం పెట్టలేను.

కోయ నర్సు, ఏటూరునాగారం:
డాక్టర్ సాబ్, కట్టేసుడు ఆచారం కాదు. దవాఖాన అందక ఇంటోళ్లు చేసే పని అది. మా గూడేల నుంచి ఒక్క నెల గోళీల కోసం జిల్లా కేంద్రానికి పోవాలంటే ఒక రోజు కూలి పోతది, ఇద్దరి కిరాయి పెట్టాలె, పొద్దుగూకినంక బస్సుండదు. రెండో నెలకు ఆపేస్తరు. పూజారి గూడెంలనే ఉంటడు, అర్ధరాత్రి లేపినా లేస్తడు, రోగి చెయ్యి పట్టుకొని కూసుంటడు. ముందుగాల ఎవరి కాడికి పోతరు మరి? గోళీలు పీహెచ్‌సీల దొరకనియ్యుండ్రి, సగం పంచాయితీ అక్కడనే తెగుతది.

పూజారిని పక్కకు నెట్టుడెందుకు? గుజరాత్‌ల ఉనావా మీరాదాతార్ దర్గాల దువాతోటి దవా కూడా ఇచ్చే ఏర్పాటు చేసిండ్రు. మొక్కు మొక్కిన కాడనే డాక్టరు చూస్తడు. మేడారం జాతరల శివాలూగే ఆడామెను చూసి ఎవ్వరం జబ్బనం. అదే మనిషి జాతర అయిపోయినంక గూడ తిండి మాని, రాత్రిళ్లు తనలో తాను మాట్లాడుకుంటే, ఇది దేవర కాదు అని మొదలు పసిగట్టేది పూజారే. అట్లాంటోళ్లను మాకు చెప్పుండ్రి అని అడిగినోళ్లే లేరు.

ఇంకోటి. మా కాయితాలల్ల “కుంగుబాటు ఉన్నదా” అని రాసి ఉంటది. ఆ మాట ఇక్కడ తెలుగోళ్లే అనరు. రంది పెట్టుకున్నది, మనాది పట్టింది అంటరు. తల బరువు, గుండెల మంట, ఒళ్లు గుంజుడు అని వస్తరు. ఆ మాటలు తెల్వకుంటే గ్యాస్ గోళీ ఇచ్చి పంపుడే.

తండా నుంచి:
గిరిజనులంటే గోండులు, కోయలేనా? మా లంబాడోళ్ల ముసలమ్మలు మా భాష గోర్ బోలిలనే ఏడుస్తరు. మాకూ ఒకరిని పెట్టుండ్రి.

ఓరుగల్లు పీజీ:
అక్కా, మందుల సంగతి మీరన్నదే నిజం. పూనకం గురించి కూడా: ఆ సమాజం ఆచారంగా ఒప్పుకున్న పూనకాన్ని జబ్బు కింద రాయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లోనే ఉంది. నా పట్టు ఒక్కదాని మీద. దుబాసీ అదే గూడెం మనిషైతే ఎట్లా? అందరూ చుట్టాలే. మొగడు కొడుతున్నాడని ఒక ఆడామె మేనమామ కొడుకు ముందు చెప్పగలదా? ఆడవాళ్లకు ఆడమనిషే ఉండాలి, వేరే మండలం మనిషై ఉండాలి. విన్నది విన్నట్టు చెప్పాలి, మీ బడి పిల్లలాగా మధ్యలో దాచకూడదు. దానికి శిక్షణ కావాలి. మనిషి దొరకనప్పుడు ఫోన్‌లోనైనా చేయొచ్చు. మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ 14416 నంబరు 2022 నుంచి నడుస్తనే ఉంది కదా, డాక్టరు గదిలో స్పీకర్ పెట్టి అవతల గోండి మనిషిని కలపడం అంత కష్టమా?

ఉట్నూర్ పంతులు:
డాక్టర్ గారూ, వేరే మండలం మనిషి అన్నది నాకు తట్టలే. ఒప్పుకున్న. శిక్షణ అంటరా, 1940లల్ల గోండుల మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దొర ఉన్నప్పుడు మార్లవాయి ఊర్ల గోండులనే పంతుళ్లుగ తయారు చేసిండ్రు, గోండిల వాచకాలు వేసిండ్రు. అప్పుడు చదువొచ్చినోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు డిగ్రీ చేసి ఖాళీగున్న గోండు ఆడపిల్లలు ఎన్నో గూడేలల్ల ఉన్నరు.

సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణిల దరఖాస్తు ఇస్తున్న. ఇద్దరు ఆడ దుబాసీలు, పీహెచ్‌సీల గోళీలు, రాయి సెంటర్ (గోండుల పెద్దల పంచాయితీ) పెద్దలతోటి ఒక మాట: ఈ మూడే రాసిన. కొలామీకి మాత్రం మనిషి దొరుకుతలేడు. తెలుగు, కొలామీ రెండూ వచ్చిన ఆడామె ఎవరికన్న ఎరుక ఉంటే, ఆమెను అడిగి ఇక్కడ ఒక మాట రాయుండ్రి.