మా బ్యాచ్ పోగేసిన 9 లక్షలు: స్కాన్ మెషిన్‌కా, ఇల్లిల్లూ తిరిగే మనుషులకా?

ఏటుకూరు రోడ్డు శీను

మా డిగ్రీ బ్యాచ్ పాతికేళ్ల కలయికలో 9 లక్షలు పోగయ్యాయి. ఆడవాళ్ల ఆరోగ్యానికి ఖర్చు పెడదామంటే అందరూ సరే అన్నారు. అక్కడితో మా ఐకమత్యం అయిపోయింది. సగం మంది గుంటూరులో ఒక చారిటీ క్లినిక్‌కి స్కాన్ మెషిన్ కొనిద్దామంటున్నారు. దాని మీద బ్యాచ్ పేరు రాయిస్తారట.

నేనూ ఇంకో నలుగురం వేరే మాట అంటున్నాం. ఇద్దరు ఆడవాళ్లను నెలకు 14 వేల జీతంతో రెండేళ్లు పెట్టుకుని, కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి తొడిమలు తీసేవాళ్ల దగ్గరికీ, వాళ్లుండే కాలనీలకీ పంపుదామని. నెలసరి, తెల్లబట్ట, కాన్పుకీ కాన్పుకీ ఎడం, ఏ ఆపరేషన్ అవసరం, ఏది కాదు, ఇవన్నీ కూర్చుని మాట్లాడాలి. అవసరమైతే తోడుగా ఆస్పత్రికి వెళ్లాలి. అదే వాళ్ల పని. జీతాలకు 6 లక్షల 72 వేలు పోతే, మిగిలే 2 లక్షల 28 వేలు ఆటోలకు, ట్రైనింగ్‌కు.

నేను ఎందుకంటున్నానంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో 100కి దాదాపు 70 మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. కాపర్ టీ, మాత్రలు, ఇంజెక్షన్లు ప్రభుత్వం ఊరికే ఇస్తున్నా వాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇక్కడ కరువు మందుకు కాదు, తీరిగ్గా చెప్పే మనిషికి. తప్పయితే చెప్పండి.

గవర్నర్‌పేట అంకుల్

తప్పే శీనూ. ఆ పనికి ఆశా వర్కర్లు ఉన్నారు. 2005 నుంచీ ఉన్నారు. మన రాష్ట్రంలో 2019లో వాళ్ల గౌరవవేతనం 10 వేలు చేశారు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40 వేసుకుంటాయి. అదంతా మన పన్నే. ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టడం దేనికి?

పైగా మీరేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడకండి. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారు బెజవాడలో ప్రాక్టీసు చేసి, 1957లో ఇక్కడి నుంచే ఎంపీ అయ్యారు. వాసవ్య మహిళా మండలి 1969 నుంచి ఉంది. ఉన్నవాళ్లకు ఇవ్వకుండా కొత్త దుకాణం తెరవడం ఎందుకు?

ఇంకో మాట. మనుషుల మీద పెట్టిన డబ్బు రెండేళ్లకు ఆవిరి. విదేశీ డబ్బుతో నడిచిన ఎన్ని ప్రాజెక్టులు మూతపడలేదు? 2020లో విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ మార్చాక పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని చిన్న సంస్థకు ఇచ్చే దారే లేకుండా పోయింది. మెషిన్ అయితే కనీసం కళ్ల ముందు ఉంటుంది. అవగాహన సదస్సులు చాలా చూశాను. ఒక బ్యానరు, నాలుగు సమోసాలు, గ్రూప్ ఫొటో.

బార్ కౌన్సిల్ బాబాయ్

పక్షం సంగతి తర్వాత. స్కాన్ మెషిన్ అంటే కుట్టుమిషన్ కాదు, కొని ఇచ్చేసి రావడానికి. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని చోటికి అమ్మడమే నేరం. అర్హత ఉన్న డాక్టర్ ఉండాలి, ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ నింపాలి. ఆ క్లినిక్‌కి రిజిస్ట్రేషన్ ఉందా? స్కాన్ చేసే డాక్టర్ జీతం ఎవరిస్తారు? ఇది తేలకుండా మెషిన్ మీద పేరు ఏ ఫాంట్‌లో రాయాలో చర్చించుకుంటున్నారేమో అని నా అనుమానం.

ఏటుకూరు రోడ్డు శీను

బాబాయ్, ఫాంట్ మీద చర్చ నిజంగానే జరిగింది.

రిటైర్డ్ నర్సమ్మ

ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా చేశాను. సింగ్‌నగర్‌లో ఎక్కువ కాలం. అంకుల్ గారు, ఆశా వర్కర్లు ఉన్నారన్నది నిజం. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో కూడా చూడండి. బుధ, శనివారాలు టీకాలు. గర్భిణుల నమోదు, కాన్పుకు తోడు వెళ్లడం, జ్వరాల సర్వే, టీబీ మందులు, ఫోన్‌లో యాప్, చేతిలో రిజిస్టరు. ఇంట్లో ఆవిడ గడప దగ్గర నిలబడి "అమ్మా ఒక మాట అడగనా" అనేలోపే ఆశమ్మ పక్కింటికి వెళ్లిపోవాలి. ఆ ఒక్క మాటలోనే అసలు సంగతి ఉంటుంది.

కడుపు రాకుండా సర్కారు ఆస్పత్రిలో వేసే అంతర ఇంజెక్షన్ సంగతి చెబుతాను. మూడు నెలలకొకటి, డబ్బు అక్కర్లేదు. కానీ మొదట్లో నెలసరి లెక్క తప్పుతుంది. కొందరికి మరకలు మరకలుగా కనబడుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. అది ప్రమాదం కాదు, మందు చేసే పనే. ముందే చెప్పకపోతే ఆవిడకు ఒకటే టెన్షన్. "చెడు రక్తం లోపలే నిలిచిపోతోంది" అని అత్తగారు అంటుంది. రెండో సూదికి మనిషి రాదు. ఆపేశాక మళ్లీ కడుపు రావడానికి ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. అదీ చెప్పాలి. చెప్పకపోతే "ఆ సూది వేయించుకుంటే గొడ్రాలవుతారు" అని వాడంతా పాకుతుంది. కడుపు రాకుండా వాడే ఛాయ మాత్రలూ అంతే. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. బిడ్డకు పాలిచ్చే తల్లీ వాడొచ్చు. లెక్క అర్థం కాక రోజూ మింగినవాళ్లనూ చూశాను, నెలకొకటి వేసుకున్నవాళ్లనూ చూశాను.

సూది ఖర్చు సర్కారు పెట్టుకుంది. సూది వేశాక వారం తర్వాత వచ్చి "ఎలా ఉందమ్మా" అని అడిగే మనిషి ఖర్చు ఎవరూ పెట్టుకోవడం లేదు. శీను బాబు చెప్పేది అదే అనుకుంటా.

అయితే బాబూ, నీ ప్లాన్‌లో ఒక లోటు. ఇద్దరూ ఆడవాళ్లేనా? మగాళ్లతో ఎవరు మాట్లాడతారు? మగవాళ్ల ఆపరేషన్ కొన్ని నిమిషాల పని, కోత కూడా ఉండదు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండి, పరీక్ష చేయించుకుంటే చాలు. "బరువులెత్తలేను, హమాలీ పని పోతుంది" అని భయం. మిర్చి యార్డులో హమాలీకి ఆ మాట మగాడే చెప్పాలి, నాలాంటి ముసలమ్మ చెబితే సిగ్గుపడి పారిపోతాడు.

పటమట నాన్న

పెళ్లయినవాళ్ల సంగతి సరే. ఈ కాలనీల కార్యక్రమాలు చివరికి స్కూళ్లలోకి వస్తాయి, అదే నా భయం. మా పాప ఎనిమిదో తరగతి. ఏ వయసులో ఏం చెప్పాలో వాళ్లమ్మకు తెలుసు. బయటివాళ్లు వచ్చి అన్నీ విప్పి చెబితే లేనిపోని ఆసక్తి పుట్టించినట్టు కాదా?

తాడికొండ టీచరమ్మ

నాన్నగారూ, మీ పాపకు వాళ్లమ్మ ఉంది. మా బడిలో సగం మంది అమ్మలు తెల్లవారుజామున కూలి ఆటో ఎక్కి, చీకటి పడ్డాక దిగుతారు. అదే సర్వేలో మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల యువతుల్లో 100కి 29 మందికి 18 నిండకుండానే పెళ్లయింది. 15–19 మధ్య ఆడపిల్లల్లో 100కి 12 మందికి పైగా అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నారు. ఈ పిల్లలకు ఆసక్తి మేము పుట్టించలేదండి. పెళ్లి చేసి పంపించారు.

2021లో స్వేచ్ఛ పథకం కింద ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పంచిన రోజు ఒక పిల్ల మెల్లగా అడిగింది, "టీచర్, నాకు రెండు వారాలు ఆగట్లేదు, ఇవి చాలవు" అని. ప్యాడ్ ఇవ్వకపోతే ఆ పిల్ల నోరు విప్పేది కాదు. ప్యాడ్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఆ పిల్ల రక్తహీనత ఎవరికీ తెలిసేది కాదు. నాకు తెలిసిన చర్చ అంతా ఆ ఒక్క పిల్ల దగ్గరే ఉంది.

బార్ కౌన్సిల్ బాబాయ్

టీచరమ్మ చెప్పింది విన్నాక ఒక హెచ్చరిక. మీరు పెట్టే ఆడవాళ్లకు చట్టం కూడా నేర్పించండి. 18 లోపు పిల్ల కడుపుతో ఉందంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు తెలియజేయాల్సిందే. ఆ భయంతోనే కుటుంబాలు ఆస్పత్రికి రాకుండా మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంటున్నాయి. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఆ పిల్లా, సంరక్షకులూ కోరితే డాక్టర్ ఆ సమాచారంలో పేరు, వివరాలు బయటపెట్టక్కర్లేదని. అలాగే 18 నిండిన ఆడమనిషి అబార్షన్‌కు ఆమె సమ్మతి చాలు, భర్త సంతకం చట్టం అడగదు. మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

కృష్ణలంక కుర్రాడు

అసలు ఇప్పుడు సీఎం గారే ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నారు కదా. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న రూలు కూడా 2024లో తీసేశారు. మీరేమో కాపర్ టీ అంటారు. గాలికి ఎదురెళ్తున్నారు అన్నలూ.

రిటైర్డ్ నర్సమ్మ

నాయనా, కనమన్నా, వద్దన్నా కనేది ఆవిడే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆపరేషన్ల టార్గెట్ అని పరుగులు పెట్టించారు. రేపు ఎక్కువ కనమని టార్గెట్ పెడితే మళ్లీ అదే పరుగు. పిల్లలు పుట్టక ఏళ్ల తరబడి పూజలకీ తాయెత్తులకీ తిరిగేవాళ్లు కూడా ఈ కాలనీల్లోనే ఉన్నారు. భర్తకూ పరీక్ష చేయించాలని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

గవర్నర్‌పేట అంకుల్

నర్సమ్మ గారి మీద గౌరవం ఉంది. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. రెండేళ్ల తర్వాత ఏంటి? మెషిన్ అయితే రోగం కళ్లకు చూపిస్తుంది. మాటలు ఏం చూపిస్తాయి?

మిర్చి యార్డు అమ్మాయి

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నాను.

మా అమ్మ తొడిమలు తీసే పని చేస్తుంది. ఇరవై రెండేళ్లకు పిల్లల ఆపరేషన్ అయిపోయింది. ముప్పై నాలుగేళ్లప్పుడు తెల్లబట్ట, నడుంనొప్పి అని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లింది. స్కాన్ చేశారు. గర్భసంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు. మూడు రోజుల్లో తీసేశారు. 45 వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. నేను నర్సింగ్‌లో చేరాక ఆ కాగితాలు మా మేడమ్‌కి చూపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, ముందు మందులు వాడి చూడాల్సింది అన్నారు. అమ్మకు ఇప్పుడు నలభై మూడు. రాత్రిపూట ఒళ్లంతా ఆవిర్లు, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి.

అంకుల్ గారు, ఆ ఆస్పత్రిలో స్కాన్ మెషిన్ ఉందండి. మంచిదే ఉంది. "ఇంకో డాక్టర్‌కి కూడా చూపిద్దాం అక్కా" అనే మనిషి మాత్రం ఆ మూడు రోజుల్లో మా ఇంటికి రాలేదు. మా లైన్‌లో పదకొండు ఇళ్లుంటే, ఐదిళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఉన్నారు.

గవర్నర్‌పేట అంకుల్

అమ్మా, నీకు ఎదురు చెప్పలేను.

శీనూ, స్కాన్ మెషిన్ వద్దు అనే దాకా వచ్చాను. మీ ప్లాన్ బాగుందని మాత్రం ఇంకా అనను. రెండేళ్లు ఒకేసారి వద్దు, ముందు ఏడాదికి పెట్టండి. మూడు నెలలకోసారి లెక్క ఇక్కడ రాయండి. ఎంతమందితో మాట్లాడారన్నది కాదు, ఎంతమంది రెండో ఇంజెక్షన్‌కి వచ్చారు, ఎంతమంది ఆపరేషన్‌కి ముందు రెండో డాక్టర్‌ని కలిశారు. సమోసాల బిల్లు కనబడితే నేను ఊరుకోను.

ఏటుకూరు రోడ్డు శీను

ఒప్పుకున్నాం అంకుల్. ఏడాదికి ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. నర్సమ్మ గారు ట్రైనింగ్ ఇస్తామన్నారు, డబ్బు వద్దన్నారు, ఆటో చార్జీ మేము పంపుతాం. ఆశా వర్కర్లకు, వార్డు సచివాలయంలో హెల్త్ సెక్రటరీకి చెప్పకుండా ఒక్క గడప కూడా తొక్కం. బ్యాచ్‌లో ఇద్దరు అలిగారు, మెషిన్ లేదని డబ్బు వెనక్కి అడిగారు. ఇచ్చేశాం. ఇప్పుడు 8 లక్షల 20 వేలు ఉంది.

ఒక కోల్డ్ స్టోరేజీ ఓనరు మధ్యాహ్నం భోజనాల టైమ్‌లో అరగంట ఇస్తానన్నాడు. వచ్చే నెల నుంచి మొదలు.

మిర్చి యార్డు అమ్మాయి

అన్నా, భోజనాల టైమ్ వద్దు. అప్పుడు చేతులు మండుతూ ఉంటాయి, కడుక్కోవడానికే సగం టైమ్ పోతుంది, పైగా మేస్త్రీ పక్కనే కూర్చుంటాడు. సాయంత్రం పని దిగాక ఆటో నిండేదాకా గేటు బయట చెట్టు కింద కూర్చుంటారు. అప్పుడు రమ్మనండి. మొదటి రోజు అమ్మను కూడా తీసుకొస్తాను.