చెరువు గట్టు మీద సొంత గ్రిడ్ పెట్టుకుంటే మధ్యలో గవర్నమెంటు ఎందుకండి?

రాజోలు_రొయ్య:
అందరికీ నమస్కారమండి. పక్కపక్క చెరువులోళ్ళం ఓ పది మందిమి కలిసి సోలారు, బ్యాటరీ, ఉన్న జనరేటర్లు అన్నీ ఒకే లైనుకి తెచ్చి చిన్న గ్రిడ్‌లా చేసుకుందాం అనుకుంటున్నాం, మాకు పోగా మిగిలింది పక్కనున్న పేటలో ఇళ్ళకి కూడా కరెంటు పోయినప్పుడు ఇద్దామని. ఎవర్ని అడిగినా ఒకరు లైసెన్సంటారు, ఒకరు కరెంటు రేట్లు పెట్టే కమిషన్ ఈఆర్‌సీ అంటారు, ఇంకొకరు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అంటారు. మా డబ్బులు, మా గట్లు, మా ప్యానెళ్ళు. తెల్లారగట్ల మూడింటికి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే టైముకి మాకు కరెంటొచ్చే లైను, అదే ఫీడర్ ట్రిప్పయ్యిందంటే కాసేపట్లో రొయ్య తేలిపోద్ది, అప్పుడు వీళ్ళెవరూ గట్టు మీదకి రారు కదా. మరి పెట్టుకునేటప్పుడు మాత్రం వాళ్ళ పర్మిషన్ దేనికి? మీరేమంటారో చెప్పండి.

లంక_కుర్రోడు:
పెట్టెయ్యండి అన్నా, అడిగితే పని అవ్వదు. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు మా లంకల్లో కరెంటు తీసేశారు, తియ్యక తప్పదు అనుకోండి, కానీ ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోడానికి కూడా పడవేసుకుని ఏటిగట్టుకి రావాల్సొచ్చింది. గ్యాసేమో మన కాళ్ళ కింద నుంచే తీసుకెళ్తారు, 2014లో మన నగరం ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలితే పోయింది కూడా మనోళ్ళే, మనం నాలుగు ప్యానెళ్ళు పెట్టుకుంటే మాత్రం రూల్సు గుర్తొస్తాయి.

రిటైర్డ్_ఏఈ:
తమ్ముడూ గ్యాస్ సంగతి వేరే పోస్టు పెట్టు, అక్కడ నేనూ తిడతాను. ఇక్కడ ముందు చట్టంలో ఏముందో చూద్దాం. 2003 కరెంటు చట్టం 14వ సెక్షన్లోనే రాసుంది, ప్రభుత్వం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతంలో ఎవరైనా సొంతంగా తయారుచేసి పంచుకోవాలంటే లైసెన్సు అక్కర్లేదు, 53వ సెక్షన్ కింద కేంద్ర విద్యుత్ అథారిటీ (సీఈఏ) పెట్టిన సేఫ్టీ రూల్సు మాత్రం పాటించాలి. 2006 గ్రామీణ విద్యుదీకరణ పాలసీ అయితే అలాంటి చోట రేటు కూడా ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ మాట్లాడుకోండి అంది. అంటే లైసెన్సు లైసెన్సు అని మిమ్మల్ని భయపెట్టినోళ్ళు సగమే చెప్పారు. మీరేమో రెండో సగం వదిలేస్తున్నారు.

ఆ రెండో సగం ఏంటో చెప్తా. లైన్‌మన్ పని చేసుకోడానికి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుంటాడు, లైను విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేస్తాడు, లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కుతాడు. అదే టైములో చెరువు దగ్గర ఎవరో చేంజోవర్ స్విచ్ (ఊరి లైనో జనరేటరో ఏదో ఒక్కటే కలిపేది) లేకుండా జనరేటర్‌ని నేరుగా మీటరు బోర్డుకి ఇచ్చేస్తారు. ఆ 415 వోల్టులు సర్వీసు వైరులోంచి వెనక్కెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎక్కుతాయి, ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందూ వెనకా తేడా తెలీదు కదా, అటువైపు 11 వేల వోల్టులు తయారవుతాయి. ఎర్తింగ్ రాడ్ వెయ్యకుండా పైన చెయ్యి పెట్టాడా, అంతే. ఇళ్ళ మీద సోలారు పెట్టించుకున్నోళ్ళు కరెంటు పోతే మా ప్యానెళ్ళు కూడా ఎందుకాగిపోయాయండి, మోసం చేశారా అని అడుగుతుంటారు. మోసం కాదు, లైన్లో కరెంటు లేకపోతే ఇన్వర్టరు తనంతట తను ఆగిపోయేలా పెట్టింది ఇందుకే. మీరు పెట్టేది దానికి రివర్సు, లైను పోయినా నడవాలి. అందుకని ఊరి లైన్ నుంచి పూర్తిగా విడదీసే స్విచ్ ఉండాలి, అది పనిచేస్తుందని మీరు కాకుండా బయటివాడు చూసి సంతకం పెట్టాలి. దీన్ని మీరు పెత్తనం అంటే నేనేం చెప్పలేను.

యానాం_బావ:
మాది యానామండి, పుదుచ్చేరి కిందకి వస్తాం, మాకు ఏపీఈఆర్‌సీ కాదు జేఈఆర్‌సీ. ఒకే గోదారి, ఒకే తుఫాను, కరెంటు కమిషన్లు మాత్రం రెండు. మీకేదైనా పర్మిషన్ వస్తే వైరు ఇటు లాగండి 😀

సున్నా_యూనిట్:
సేఫ్టీ ఒప్పుకున్నా. నేను లెక్క అడుగుతా. ఆక్వా జోన్‌లో రైతుకి సబ్సిడీ కరెంటు యూనిట్ 1.50 రూపాయలు. సొంత గ్రిడ్ ఏ లెక్కన వేసినా ఆ రేటుకి రాదు, కాబట్టి మీ పోటీ ఊరి కరెంటుతో కాదు డీజిల్‌తో. లీటరుకి మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి, లీటరు 97 అనుకుంటే యూనిట్ 28 నుంచి 32 పడుద్ది. అక్కడ మీరు గెలవొచ్చు. కానీ తెల్లారగట్ల ఎండుండదు కదండీ. పది చెరువులు, చెరువుకి 8 హెచ్‌పీ ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) అంటే 60 కిలోవాట్లు, నాలుగు గంటలు తిప్పాలంటే 240 యూనిట్ల బ్యాటరీ. అంత పెట్టుబడి పెట్టాక రేపు ఫీడర్ బాగుపడి కరెంటు పోవడం తగ్గితే? బీహార్ ధర్నాయిలో 2014లో 100 కిలోవాట్ల సోలార్ గ్రిడ్ పెట్టారు, దేశమంతా వార్తలొచ్చాయి, తర్వాత చవక గవర్నమెంటు కరెంటు రాగానే జనం అటెళ్ళిపోయారు, అది మూలపడింది. 2016లో యూపీ పాలసీ ఇది ఆలోచించింది, సబ్సిడీ తీసుకున్న మినీ గ్రిడ్‌కి రేటు గవర్నమెంటే పెట్టింది, తీసుకోకపోతే మీరూ మీరూ చూసుకోండి అంది, తర్వాత డిస్కం (కరెంటు పంచే కంపెనీ) లైను వస్తే ప్లాంటు గతేంటో కూడా రాసింది. రూల్సు వద్దు అనేవాళ్ళకి అసలు అవసరమైన రూలు అదే.

భీమారం_మిల్లు:
రాసింది నిలబడితే కదండీ. 2019లో మన రాష్ట్రంలో సోలారు, విండు వాళ్ళతో కరెంటు కొంటామని సంతకాలు పెట్టిన అగ్రిమెంట్లే రేట్లు ఎక్కువ అని తిరగదోడారు, హైకోర్టులో తేలేసరికి 2022 వచ్చింది. అంతంత కంపెనీలకే లాయర్లు పెట్టుకుని మూడేళ్ళు పట్టింది, చెరువోళ్ళు ఎక్కడ తిరుగుతారు? మా మిల్లులో ఊక ఉంది, దాంతో కరెంటు చేసి పక్క వీధికి ఇవ్వొచ్చని నేనూ ఒకప్పుడు అనుకున్నా, ఎన్ని టేబుళ్ళు తిరగాలో విన్నాక ఊక ఇటుకబట్టీలకి అమ్మేసుకుంటున్నా. హాయిగా ఉంది.

పేట_టీచరమ్మ:
ఇందాకట్నుంచి చదువుతున్నాను. మిగిలింది పేటకి ఇస్తాం అన్నారు కదా, ఆ పేటలోళ్ళం మేమే అనుకోండి. మా ఇళ్ళలో చాలామందికి ఎస్సీ కోటాలో నెలకి 200 యూనిట్ల దాకా ఫ్రీ, కాబట్టి మీ కరెంటుకి ఇచ్చే ప్రతి రూపాయీ మాకు కొత్త ఖర్చే. అయినా తుఫాను రోజుల్లో కావాలనే అంటాం, కాదనం. నేనడిగేది ఒకటే, తెల్లారగట్ల బ్యాటరీ పడిపోతోంది, చెరువులకి చాలట్లేదు, అప్పుడు ముందు ఎవరి లైను కట్ చేస్తారు? రొయ్యదా, మాదా?

రాజోలు_రొయ్య:
మేడమ్ గారూ నిజం చెప్పమంటే చెరువు మీద లక్షల అప్పుంది. ఆ గంటలో మాకు చెరువే.

పేట_టీచరమ్మ:
అదే ఇంట్లో పసిపిల్లకి నెబ్యులైజర్ పెట్టుంటే? డిస్కం కట్ చేస్తే ఏఈకి ఫోన్ చేస్తాం, 1912 కొడతాం, కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడతాం, పని అవుద్దా అవ్వదా తర్వాత, అడగడానికో చోటుంది. మీరు కట్ చేస్తే మీ దగ్గరికే రావాలి, రేపు మీ చెరువులోకే కూలికి కూడా రావాలి. ఇంక గొడవేం పడతాం?

రిటైర్డ్_ఏఈ:
ఇదండీ అసలు పాయింటు. ఇందాక నేను చెప్పింది వైర్ల సేఫ్టీ, ఈవిడ చెప్పింది మనుషులది. నా మటుకు చెప్పేస్తున్నా: పది చెరువులోళ్ళు తమలో తాము వాడుకుంటే ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ చాలు, రేటు జోలికి ఎవరూ రాకూడదు, ఫైలు నెలలు తిప్పకూడదు. బయట ఇల్లు ఒక్కటి కలిపినా సరే, ఎన్ని గంటలు ఇస్తారు, తక్కువైనప్పుడు ఏ లైను ముందు ఆపుతారు, ఫిర్యాదు ఎవరికి, ఇవి కాగితం మీద ఉండాలి, ఒక కాపీ మీ సంఘంలో లేనివాడి దగ్గర ఉండాలి. 2016లో కేంద్రం తెచ్చిన మైక్రో, మినీ గ్రిడ్ ముసాయిదా పాలసీ 10 కిలోవాట్ల దగ్గర గీత గీసింది, దానికి లోపు మైక్రో, పైన మినీ అని. నన్నడిగితే కిలోవాట్లని చూసి కాదు, పక్కింటోడికి ఇస్తున్నారా లేదా చూసి గీత గియ్యాలి.

భీమారం_మిల్లు:
ఆ కాపీ పెట్టుకునేవాడికి మళ్ళీ మామూలు ఎవరిస్తారండీ.

లంక_కుర్రోడు:
😂😂 ఇది కరెక్టు

సున్నా_యూనిట్:
నవ్వుతున్నారు గానీ పంచాయతీ రోడ్డు, కాలవ గట్టు దాటి పేటకి వైరు లాగాలంటే ఎలాగూ పంచాయతీనీ ఇరిగేషన్ వాళ్ళనీ అడగాల్సిందే, ఆ కాపీ పంచాయతీలోనే పడెయ్యండి. కొత్త ఆఫీసు అక్కర్లేదు.

రాజోలు_రొయ్య:
పంచాయతీ అంటే మా వాళ్ళు ఒప్పుకుంటారండి. టీచరమ్మ గారూ, పేటకి విడిగా చిన్న బ్యాటరీ పెట్టి చెరువు లైనుతో కలపకుండా ఉంచితే ఎవరిది ముందు అన్న గొడవే రాదు అని మా తమ్ముడు అంటున్నాడు, ఖర్చు పెరుగుద్ది, అది ఎవరు పెట్టాలో మళ్ళీ కూర్చోవాలి.

పేట_టీచరమ్మ:
కూర్చునేటప్పుడు మమ్మల్నీ పిలవండి. తీర్మానం అయ్యాక కాదు.

రిటైర్డ్_ఏఈ:
విడి బ్యాటరీ మంచి ఆలోచనే. అది తర్వాత, ఇప్పుడున్న జనరేటర్లన్నిటికీ చేంజోవర్లు ఉన్నాయా?

రాజోలు_రొయ్య:
రెండిటికి ఉన్నాయండి. మిగతావాటికి మెయిన్ ఆఫ్ చేసి ఇస్తున్నాం, ఎప్పుడూ ఏం కాలేదు.

రిటైర్డ్_ఏఈ:
మెయిన్ ఆఫ్ చెయ్యడం రాత్రిపూట నిద్రమత్తులో కాపలా కుర్రాడికి వదిలేశారా బాబూ?? గ్రిడ్ సంగతి పక్కన పెట్టి రేపు పొద్దున్నే అమలాపురం వెళ్ళి స్విచ్‌లు కొనండి. బిగించాక ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూశాకే మిగతాది మాట్లాడతా.